వంగ కల్పవిజ్ఞాన కథలలో భయము

వంగ సాహిత్యమున భయానక కథ యనగానే తెలుగు పాఠకునకు ముందుగా స్ఫురించునది రవీంద్రుని "క్షుధిత పాషాణము". 1895లో వెలువడిన ఆ కథలో పాడుపడిన రాజప్రాసాదపు రాళ్లు మనుష్యుని మ్రింగుటకు ఎదురు చూచును. చెప్పువాడు రైలుకై వేచియున్న అపరిచితుడు. రైలు వచ్చినంతనే కథ తెగిపోవును. విన్నవారు నమ్మవలెనో మానవలెనో తేల్చుకొనలేరు. ఆ సందేహమే ఆ కథకు అందము.

అరువదియేడు సంవత్సరముల పిమ్మట, 1962లో, సత్యజిత్ రాయ్ కలకత్తానుండి "సెప్టోపాసేర్ ఖిదే" అను కథను వెలువరించెను. "ఖిదే" యనగా ఆకలి. సంస్కృత "క్షుధా" శబ్దమునకు వంగ తద్భవము. తత్సమము తద్భవమైనట్లే ఇచట రాజప్రాసాదము కలకత్తా శివారున బారాసత్‌లోని ఒక సామాన్య గృహమైనది. ఆ ఇంటి యజమాని కాంతిబాబు మొక్కలను సేకరించుటయే వ్యసనముగా గలవాడు. మధ్య అమెరికా అడవులనుండి తెచ్చిన ఒక మాంసాహారపు మొక్కను పెంచును. దాని బాహువులు ఏడు. అది పెరుగును, దానితోపాటు ఆకలియు పెరుగును. పెంచినవాడు తన చేతులతో దానిని చంపలేడు. అందుచే తుపాకి పట్టనేర్చిన మిత్రుని సాయము కోరవచ్చును. కథలో మిక్కిలి కలవరపరచు ఘట్టము మొక్క మీదపడుట కాదు, ఈ రాకయే. తాను పెంచినదానిపై ఆ మనుష్యునకు మమత చావలేదు.

దయ్యపు కథ చదివి పుస్తకము మూసిన పాఠకునకు బుద్ధి తోడువచ్చును. "ఇది యెక్కడి మాట!" యని తలుపు వేసికొని నిద్రించును. ఇచట బుద్ధి తోడురాదు. ఆ మొక్కను ఇంటికి తెచ్చినది బుద్ధియే గదా. ప్రకృతి నియమమేదియు భగ్నము కాలేదు. కీటకములను పట్టి తిను మొక్కలు ఉన్నవన్నది ఉద్భిదశాస్త్రము చెప్పు సత్యము. కథకుడు పరిమాణమును మాత్రమే పెంచినాడు.

ఇట్టి కథ ఆ నగరమున పుట్టుట యాదృచ్ఛికమని తోచదు. మొక్కలు బాహ్యప్రేరణకు స్పందించునని యంత్రములతో ప్రదర్శించిన జగదీశ్ చంద్ర బోసు కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాల ఆచార్యుడు. 1917లో అచటనే తన విజ్ఞాన మందిరమును స్థాపించెను. ఆయనయు కల్పవిజ్ఞాన కథకుడే. 1896లో కుంతలీన్ తైలము పేరిట ఏర్పడిన బహుమానమును పొందిన ఆయన కథలో, సముద్రమున విసరిన ఒక సీసా తలనూనె తుఫానును శమింపజేయును. ద్రవపదార్థముల తలతన్యతపై అల్లిన పరిహాసమది. మొక్కకు స్పందన కలదనిన విజ్ఞాని మాటలో అద్భుతమును, ఒకవిధమగు ఆర్ద్రతయు కలవు. ఆ ఊరివాడే తరువాతి తరమున మరియొక ప్రశ్న వేసెను: స్పందన యున్నచో ఆకలి యుండదా? రాయ్ ఈ సంబంధమును ఉద్దేశించెనో లేదో విమర్శకునకు అనవసరము. పాఠకుని మనస్సున రెండును ఒకచోటనే ఉన్నవి.

ఇంగ్లండున హెచ్. జి. వెల్స్ 1894లోనే రక్తము పీల్చు ఆర్కిడ్‌ను గూర్చి కథ వ్రాసియుండెను. అందు ఆ మొక్కను సేకరించినవాడు అండమానులలో మరణించును. అనగా భయము తూర్పునుండి లండనుకు దిగుమతి యగు సరకు. రాయ్ కథలోను మొక్క దూరదేశమునుండియే వచ్చును. కాని తెచ్చినవాడు వంగీయుడు. అతని కుతూహలము అతనిదే. పరాయిదేశముపై నేరము మోపుటకు వీలులేదు.

ప్రేమేంద్ర మిత్ర మార్గము వేరు. 1945లో వెలువడిన "మశా" (దోమ) యను కథలో, సఖాలిన్ ద్వీపమున ఒక జపాను విజ్ఞాని దోమకాటును ప్రాణాంతక విషముగా మార్చును. ఘనాదా అను ప్రగల్భకుడు కలకత్తా మెస్సులో కూర్చుండి దీనిని వినిపించును. యుద్ధము ముగిసిన సంవత్సరమది. నవ్వు పైకి కనిపించును గాని దానిక్రింద ఏమున్నదో వేరుగ చెప్పనక్కరలేదు. 1963లో అద్రీశ్ బర్ధన్ "ఆశ్చర్య" యను పత్రికను ఈ కథలకే ప్రత్యేకించి నడపెను. "కల్పవిజ్ఞానము" అను పేరును వాడుకలోనికి తెచ్చినది ఆయనయే. తెలుగున "సైన్స్ ఫిక్షన్" అనుచు తడబడుటకంటె ఆ సమాసమును యథాతథముగ గ్రహించుట మేలు.

చక్రపాణి అనువాదములతో శరత్ తెలుగువారి ఇంటి రచయిత యైనాడు. ఆ ఆదరము వంగ కల్పవిజ్ఞానమునకు దక్కలేదు. తెలుగున విజ్ఞానము పాఠముగను, భయము మంత్రముగను వేర్వేరు గదులలో కాపురముండుటయే ఇందులకు కారణమనవచ్చును. యండమూరి వీరేంద్రనాథ్ "తులసిదళము"న వైద్యమును చేతబడియు ఎదురెదురుగ నిలుచును. పాఠకుని వణకించునది మాత్రము చేతబడియే. వైద్యుని గదిలోనే వణకు పుట్టింపవచ్చునను ఊహకు తెలుగున బలము చాలలేదు.

ఇవి బాలసాహిత్యమను ఆక్షేపము కలదు. 1961లో రాయ్, సుభాష్ ముఖోపాధ్యాయ కలసి పునరుద్ధరించిన "సందేశ్" బాలల పత్రికయే. ఆచార్య శంకు తొలికథ వెలువడినదియు అందే. కాని విక్రమార్కుని భుజముపై బేతాళుడు వేసిన ప్రశ్నలను బాలుర ప్రశ్నలని ఏ పండితుడును త్రోసివేయలేదు. తులనాత్మక పరిశోధన శరత్ ప్రభావమువద్దనే ఆగిపోవుట ఇక చాలును. ఈ కథల అనువాదము విశ్వవిద్యాలయ శాఖలలోనే మొదలు కావచ్చును. రాయ్ కథకు పేరు పెట్టునపుడు మాత్రము అనువాదకుడు జాగ్రత్త వహింపవలెను. "క్షుధ" యని వ్రాసినచో కథ తిరిగి రవీంద్రుని ప్రాసాదమునకు పోవును. "ఆకలి" యనియే వ్రాయవలెను.