పొగ మానదలచినవారికి చేయూత

పొగత్రాగుట మానదలచి వైద్యశాలకు వచ్చువాడు దోషి కాడు, రోగి. మానిన తొలిదినములలో చిరాకును, నిద్రలేమియు కలిగి అతని పట్టుదలను సడలించును. 2016-17 నాటి జాతీయ సర్వేలో, దేశమున పొగత్రాగు వయోజనులలో నూటికి 55 మంది మానవలెనను తలంపుగలవారే. వారికి కావలసినది నీతిబోధ కాదు, చికిత్స. పొగ లేకుండ కోరికను క్రమముగా తగ్గించు నికొటిను మందు 2022లో జాతీయ ఆవశ్యక ఔషధముల పట్టికలో చేరినది. 1800-11-2356 అను ఉచిత టెలిఫోను సలహా 2016లోనే ఏర్పడినది.

కాని పటాన్‌చెరు కర్మాగారములలో పగటి షిఫ్టు చేయు దినకూలీకి ఉదయమున వైద్యునికడకు పోవుట యన్న నొక దినపు కూలి నష్టము. ఒక్కమారు పోయిన తీరు వ్యసనమా యిది? సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రభుత్వ వైద్యశాలలలో ఇట్టివారికి సాయంకాలపు వేళలు ఏర్పరుపవలెను. యజమానులును కూలి కోయక సెలవొసగవలెను. మానదలచినవానిని వాకిటనుండి మరలించుటకంటె అవివేకము వేఱొకటి లేదు.