ఊరి పద్దు అడగకుండా రాష్ట్రం అడుగుతామా?

బనగానపల్లె అంటే లోకానికి మామిడిపండు. 2017లో ఆ పండుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. పేరు మన ఊరిది, పంట మాత్రం ఎక్కువగా నూజివీడు, చిత్తూరు తోటలది. బనగానపల్లె అంటే నవాబు బంగళా. 2009లో వచ్చిన ‘అరుంధతి’ సినిమా పుణ్యమా అని దాని పేరే మారిపోయింది. బనగానపల్లె అంటే నాపరాయి, సున్నపురాయి, శనగ పండే నల్లరేగడి, రవ్వలకొండలో కాలజ్ఞానం చెప్పిన వీరబ్రహ్మం. ఇన్ని పేర్లున్న ఊరికి ఏడాదికి ఆదాయమెంత, ఖర్చెంత అని అక్కడి పదిమందిని అడిగి చూడండి. నవాబుల కథ చెప్పేవాళ్లు దొరుకుతారు. మామిడి కథ చెప్పేవాళ్లు దొరుకుతారు. పంచాయతీ పద్దు చెప్పేవాళ్లు దొరకడం కష్టం. ఇది ఒక్క బనగానపల్లె సంగతి కాదు, సీమలోని ప్రతి మేజర్ పంచాయతీ సంగతీ ఇదే.

ప్రత్యేక రాయలసీమ రాష్ట్రం అడిగే పత్రికకు పంచాయతీ చిట్టాతో పనేమిటని కొందరు మిత్రులు అడగవచ్చు. పనుంది. కృష్ణా నీళ్ల లెక్క అడుగుతున్నాం, రాజధాని లెక్క అడుగుతున్నాం, 1937 నవంబరు 16న రాసుకున్న శ్రీబాగ్ ఒడంబడిక లెక్క అడుగుతున్నాం. మంచిదే. కానీ మన వీధి మురుగుకాలువ లెక్క అడగడం మనకు రాకపోతే, రేపు కట్టబోయే సచివాలయం లెక్క అడగడం ఎక్కడ నేర్చుకుంటాం?

బనగానపల్లె చరిత్రలోనే ఈ పాఠం ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీ కింద ఉన్న ఐదు సంస్థానాల్లో ఇదొకటి. తిరువాన్కూరు, కొచ్చిన్, పుదుక్కోట, సండూరులతో పాటు లెక్కకు వచ్చేది. చుట్టూ కర్నూలు జిల్లా ఉన్నా, నవాబు ఖజానా నవాబుదే. ఆ ఖజానా లెక్కలు చెడిపోయాయనే సాకుతో 1832లో ఇంగ్లీషువాళ్లు పాలన చేతుల్లోకి తీసుకున్నారు. 1848 దాకా తిరిగి ఇవ్వలేదు. 1905లో మళ్లీ అదే సాకు, మళ్లీ అదే పని. తోపులు, తుపాకులు అక్కరలేకపోయింది, పద్దు పుస్తకం చాలింది. లెక్క చెప్పలేనివాడి చేతిలోంచి అధికారం ఎంత సులువుగా జారిపోతుందో చెప్పడానికి వేరే దేశం కథలు వెతకనక్కరలేదు.

1948లో సంస్థానం కర్నూలు జిల్లాలో కలిసింది. 1953లో కర్నూలు రాజధాని అయింది, 1956లో పోయింది. 2014లో రాష్ట్రం రెండుగా చీలింది. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా వచ్చింది. బనగానపల్లెను రెవెన్యూ డివిజన్ కేంద్రం చేయాలని 2025లో ప్రభుత్వం నిర్ణయించింది. ఆఫీసులు ఊరికి దగ్గరగా జరుగుతున్నాయి, సంతోషమే. మరి డబ్బు మీద పెత్తనం జరిగిందా? లేదు. అది ఉన్నచోటే ఉంది, అప్పుడు హైదరాబాదులో, ఇప్పుడు అమరావతిలో.

పంచాయతీ రాబడి ఎలా ఉంటుందో చూద్దాం. ఇంటిపన్ను, కొళాయి పన్ను, తైబజారు వేలం, దుకాణం గదుల అద్దె, లైసెన్సు ఫీజులు. ఇవి ఊళ్లోనే పుట్టే డబ్బులు. ఇళ్లు, స్థలాలు చేతులు మారినప్పుడు వసూలయ్యే స్టాంపు డ్యూటీ సర్‌ఛార్జి, వృత్తిపన్ను, చిన్నతరహా ఖనిజాల సీనరేజిలో వాటా. ఇవి కూడా ఊళ్లో పుట్టేవే. కానీ ముందు పై ఖజానాకు పోయి, అక్కడ దయ కలిగినప్పుడు కిందికి దిగుతాయి. ఆ తర్వాత కేంద్ర ఆర్థికసంఘం నిధులు. ఇక ఉమ్మడి రాష్ట్రం నిర్ణయించిన తలసరి గ్రాంటు ఎంతో తెలుసా? ఏడాదికి తలకు 4 రూపాయలు. అయిదుగురున్న కుటుంబానికి ఇరవై రూపాయలు. ఈనాటి ధరలో రెండు టీలు.

ఇంకో లెక్క వినండి. ఆగస్టు 15న, జనవరి 26న జెండా పండగ చేసుకోవడానికి చిన్న పంచాయతీకి 100 రూపాయలు, పెద్ద పంచాయతీకి 250 రూపాయలు ఇచ్చేవారు. మూడు దశాబ్దాలకు పైగా అదే రేటు. 2024లో గానీ దాన్ని 10 వేలు, 25 వేలు చేయలేదు. పెంచినందుకు కాదనం. కానీ అన్నేళ్లు పిల్లలకు పంచే బిళ్లలకు కూడా సర్పంచి జేబు తడుముకోవాల్సిన గతి ఎవరు పట్టించారు? గ్రామ స్వరాజ్యం గురించి ఉపన్యాసాలు దంచినవాళ్లే కదా!

ఇక ఖర్చు వైపు చూడండి. పారిశుధ్య కార్మికుల జీతం, మోటార్ల కరెంటు బిల్లు, వీధిదీపాలు, పైపు పగిలితే అతుకు, బ్లీచింగు, కాలువ పూడిక. శివరాత్రికి యాగంటి దారిపట్టే జనానికి నీళ్లు, పీర్ల పండక్కి గుండం తవ్వే వీధిలో దీపం, రంజాను నెలలో తెల్లవారుజామున కొళాయి. పండగ ఏ మతానిదైనా చెత్త ఎత్తే చేయి ఒక్కటే. దర్గా పక్క మురుగు, గుడి వెనక మురుగు ఒకే కాలువలో కలుస్తాయి. ఊరు ఊరుగా కలిసి బతకడమంటే పద్దులో కనిపించేది ఇదే. ఈ ఖర్చు ఒక నెల ఆగితే ముందు జ్వరం వచ్చేది పేదల వాడకు.

నాపరాయి సంగతికి వద్దాం. బనగానపల్లె, బేతంచెర్ల, అవుకు, కొలిమిగుండ్ల నేల కింద ఉన్నది రాయి కాదు, రూకలు. పలకలుగా తీసే రాయి చిన్నతరహా ఖనిజం. దాని సీనరేజిలో స్థానిక సంస్థలకు వాటా ఉంది, గ్రామ పంచాయతీకి అందులో నాలుగోవంతు. అదే రాయి సిమెంటు ఫ్యాక్టరీకి పోతే పెద్దతరహా ఖనిజం. రాయల్టీ నేరుగా రాష్ట్ర ఖజానాకు పోతుంది. లారీ మన రోడ్డు మీద పోతుంది, దుమ్ము మన శనగ చేలమీద పడుతుంది, పేలుడుకు మన గోడ బీటలు వారుతుంది. డబ్బు మాత్రం మన ఊరి మొహం చూడదు. 2015లో చట్టం సవరించి జిల్లా ఖనిజ నిధి పెట్టారు. పాత లీజులైతే రాయల్టీలో 30 శాతం, వేలంలో ఇచ్చిన కొత్త లీజులైతే 10 శాతం అందులో జమ కావాలి. అది గనుల వల్ల దెబ్బతిన్న ఊళ్ల కోసం పెట్టిన నిధి. అయితే అది జిల్లా చేతిలో ఉంది, పంచాయతీ చేతిలో లేదు. ఏ గని నుంచి ఎంత జమయింది, ఏ ఊరికి ఎంత ఖర్చయింది అన్న జాబితా ప్రతి గని గ్రామం పంచాయతీ గోడమీదా ఎందుకు ఉండకూడదు?

కేంద్రం నుంచి వచ్చేదైనా సక్రమంగా చేతికందిందా? 15వ ఆర్థికసంఘం గ్రాంటులో 60 శాతం తాగునీటికి, పారిశుధ్యానికే కట్టేసింది. మిగతా దాంతో జీతాలు ఇవ్వకూడదు. పోనీ అంతవరకైనా మిగిలిందా? 2021లో రాష్ట్ర ప్రభుత్వం కరెంటు బకాయిల కింద ఆ డబ్బును సర్దేసింది. సర్పంచి సంతకం లేదు, పంచాయతీ తీర్మానం లేదు. బ్యాంకుకు పోయి చూస్తే ఖాతా ఖాళీ. సర్పంచులు పార్టీలకతీతంగా రోడ్డెక్కారు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్న సామెత ఇలాంటి సర్కారును చూసే పుట్టి ఉంటుంది. అంతకుముందు 2018 ఆగస్టు నుంచి 2021 దాకా ఎన్నికలే పెట్టకుండా స్పెషలాఫీసర్ల చేత నడిపించారు. ఒక ప్రభుత్వం ఎన్నికలు పెట్టలేదు, ఇంకో ప్రభుత్వం డబ్బు సర్దుకుంది. రెండు జెండాల రంగు వేరు, పంచాయతీని చూసే చూపు ఒకటే.

ఇక్కడే మనం మనల్ని కూడా ప్రశ్నించుకోవాలి. నీలం సంజీవరెడ్డి, దామోదరం సంజీవయ్య, కోట్ల విజయభాస్కరరెడ్డి, చంద్రబాబు, రాజశేఖరరెడ్డి, కిరణ్‌కుమార్ రెడ్డి, జగన్మోహన్ రెడ్డి – అందరూ సీమ బిడ్డలే, అందరూ ముఖ్యమంత్రులే. పాలకుడు సీమవాడైతే సీమ బాగుపడుతుందన్న మాట ఎప్పుడో అబద్ధమైంది. మరి రాష్ట్రం మనదైతే చాలన్న మాట నిజమవుతుందా?

తెలంగాణను చూడండి. పన్నెండు వందల ప్రాణాలు బలిపెట్టామని వాళ్లే చెప్పుకునే పోరాటంతో 2014 జూన్ 2న రాష్ట్రం తెచ్చుకున్నారు. ఆ పోరాటానికి మనం ఎప్పుడూ చేతులు జోడిస్తాం. కానీ అక్కడ కూడా చేసిన పనుల బిల్లుల కోసం సర్పంచులు ఎదురుచూశారు. 2024 ఫిబ్రవరి మొదలుకుని 2025 డిసెంబరులో ఎన్నికలు జరిగేదాకా, దాదాపు రెండేళ్లు, ఊళ్లలో ఎన్నికైన పంచాయతీలే లేవు. రాష్ట్రం వచ్చింది, ఊరికి అధికారం తనంతట తాను నడిచి రాలేదు. ఈ మాట తెలంగాణను తక్కువ చేయడానికి చెప్పడం లేదు. ముందు నడిచినవాడి కాలికి గుచ్చుకున్న ముల్లును వెనక వచ్చేవాడు చూసుకోకపోతే ఎలా?

అయితే పంచాయతీలు బాగుపడితే చాలు, రాష్ట్రం ఎందుకని ఎదురు ప్రశ్న వేసే పెద్దమనుషులున్నారు. వాళ్లకు మా జవాబు సూటిగా ఉంది. 73వ రాజ్యాంగ సవరణ 29 అంశాల పట్టిక ఇచ్చింది. వాటిని పంచాయతీలకు బదిలీ చేయాలా వద్దా అన్న నిర్ణయం మాత్రం రాష్ట్ర శాసనసభకు వదిలింది. తాళంచెవి అక్కడుంది. రాయల్టీ అక్కడుంది, నీళ్ల కేటాయింపు అక్కడుంది. శ్రీశైలం కుడిగట్టు కాలువకు కేటాయించిన 19 టీఎంసీలు ఏటా పూర్తిగా ఇస్తారా లేదా అన్నది బనగానపల్లె గ్రామసభ తేల్చేది కాదు. నంద్యాల–యర్రగుంట్ల రైలుమార్గం 1996–97లో మంజూరైతే 2016లో గానీ రైలు నడవలేదు. వెనుకబడిన జిల్లాలకు ఏడాదికి 50 కోట్ల చొప్పున ఇచ్చిన ప్యాకేజీ మూడేళ్లకే ఆగింది. 2018లో వేసిన 350 కోట్లు వేసినట్టే వేసి వెనక్కి తీసుకున్నారు. మన గొంతు పాత నాలుగు జిల్లాల గొంతుగా ఉన్నంతకాలం ఇంతే. అందుకే రాష్ట్రం కావాలి. కానీ ఆ రాష్ట్రం అమరావతిలో ఉన్న పెత్తనాన్ని తెచ్చి కర్నూలులోనో కడపలోనో కూర్చోబెట్టేది కాకూడదు. 1928లో నంద్యాల సభలో దత్తమండలం అన్న పేరు వదిలి రాయలసీమ అన్న పేరు పెట్టుకున్నాం. పేరు మారింది, దత్తమైన బుద్ధి మారాలి.

అందుకే ఈ పత్రిక ఉద్యమ నాయకత్వం ముందు కొన్ని మాటలు పెడుతోంది. రేపటి రాష్ట్రం గురించి మన ప్రణాళికలో ఈ నాలుగూ ఉండాలి. ఒకటి, ఊళ్లో పుట్టిన పన్ను వాటా నిర్ణీత తేదీకి నేరుగా ఊరి ఖాతాలో పడాలి. రెండు, సున్నపురాయి రాయల్టీలో గని ఉన్న పంచాయతీకి చట్టబద్ధమైన వాటా కావాలి. మూడు, పంచాయతీ తీర్మానం లేకుండా దాని ఖాతాలో రూపాయి ముట్టే హక్కు ఏ ప్రభుత్వానికీ ఉండకూడదు. నాలుగు, గడువు తీరిన పంచాయతీకి ఎన్నిక ఒక్కరోజు కూడా వాయిదా పడకూడదు.

రాష్ట్రం వచ్చేదాకా ఆగనక్కరలేని పనులూ ఉన్నాయి. ఏటేటా జమాఖర్చు, ఆడిట్ నివేదిక గ్రామసభ ముందు పెట్టాలని 1994 పంచాయతీరాజ్ చట్టమే చెబుతోంది. 2024 ఆగస్టు 23న రాష్ట్రమంతటా 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు జరిగాయి. జనాన్ని కూర్చోబెట్టడం చేతనవుతుందని తేలింది. ఇక కూర్చున్న జనం నోరు తెరవాలి. బీకాం చదివే విద్యార్థులారా, పరీక్ష కోసం జమాఖర్చులు రాస్తున్నారు కదా, ఒక్క ఆదివారం మీ ఊరి పంచాయతీ చిట్టా చదవండి. ఆర్థికసంఘం డబ్బు ఏ పనికి పోయిందో ఈగ్రామ్‌స్వరాజ్‌లో ఫోనులోనే కనిపిస్తుంది. ట్రెజరీలో, ఆడిట్‌లో, మండల ఆఫీసుల్లో పనిచేసే ఉద్యోగ సోదరులారా, ఆ కాగితం భాష మీకు తెలుసు. బిల్లు ఎక్కడ ఆగుతుందో మీకు తెలుసు. సాయంత్రం పూట పదిమందికి దాన్ని విడమరిచి చెప్పడం కూడా ఉద్యమమే.

ఇంకో చేదు మాట. ఏకగ్రీవం పేరుతో సర్పంచి పదవిని వేలం పాడే ఊళ్లు మన సీమలోనూ ఉన్నాయి. డబ్బు పెట్టి కొన్నవాడు లెక్క ఎందుకు చెబుతాడు? వాడి మీద కోపం పడితే చాలదు. ఆ వేలంలో కూర్చుని తలూపినవాళ్లం మనమే. ఇంటిపన్ను ఎగ్గొట్టి, కాలువ తీయలేదని తిట్టేవాళ్లమూ మనమే. పన్ను కట్టిన రసీదు చేతిలో ఉన్నవాడి ప్రశ్నకు ఉండే బలం వేరు.

నవాబు ఖజానా లెక్క తప్పినప్పుడు అడిగినవాడు ఇంగ్లీషువాడు. అడిగాడు కాబట్టి పెత్తనం వాడికి పోయింది. ఇప్పుడు ఖజానా మనది. అడగాల్సింది మనం. బనగానపల్లె చావిడి దగ్గర ఊరి పద్దు చదివి వినిపించిన రోజు, ఎక్కడో కర్నూలు సభలో ఎగరేసే జెండాకు ఇంకొంచెం బలం వస్తుంది.

జై రాయలసీమ!