రెండో ఆదివారం దాకా ఉంచండి

తెలుగు ఫిలిం ఛాంబర్ ఆఫ్ కామర్స్ పెద్దలకు,

థియేటర్‌కి జనం రావడం లేదన్న మాట పరిశ్రమలో తరచూ వింటున్నాం. 2024 మే నెలలో తెలంగాణలో సింగిల్ స్క్రీన్లు పది రోజులు మూసేస్తామన్నప్పుడూ ఇదే మాట. హారర్, ప్రేమకథ, కోర్టు డ్రామా అనే తేడా లేకుండా టికెట్టు కొనే మనిషిగా ఒక సంగతి మీ ముందు పెడుతున్నాను. జనం వస్తారు. కానీ కొన్ని సినిమాలకు వాళ్లు బయల్దేరేసరికే తెర మీద ఆ సినిమా ఉండటం లేదు.

2022 ఆగస్టును గుర్తు తెచ్చుకోండి. నిర్మాతలు షూటింగులు ఆపుకుని ఓటీటీ గురించీ, టికెట్ రేట్ల గురించీ తర్జనభర్జన పడుతున్న రోజులవి. ఆ నెల 5న ‘బింబిసార’, ‘సీతారామం’ ఒకేరోజు వచ్చాయి. ఒకటి కాలం దాటి ఈనాటికి వచ్చిపడ్డ క్రూరుడైన రాజు కథ, రెండోది ఉత్తరాల మీద నడిచే ప్రేమకథ. మరుసటి వారం ‘కార్తికేయ 2’ వచ్చింది. ఒకదానితో ఒకదానికి పోలికే లేని ఆ మూడింటినీ ప్రేక్షకులు నెత్తిన పెట్టుకున్నారు. 2024 దీపావళికీ అంతే. బ్యాంకు క్యాషియర్ కథ ‘లక్కీ భాస్కర్’, ఇతరుల ఉత్తరాలు విప్పి చదివే పోస్ట్‌మ్యాన్ కథ ‘క’, తమిళం నుంచి వచ్చిన సైనికుడి కథ ‘అమరన్’ ఒకే రోజు విడుదలై మూడూ ఆడాయి. తెలుగువాళ్లకు మాస్ మసాలా తప్ప మరేదీ ఎక్కదని ఇంకా ఎవరైనా అంటే నాకు నిజంగా బాధేస్తుంది.

అయితే ఒక్కో రకం సినిమాకు ఒక్కో నడక ఉంటుంది. పెద్ద హీరో సినిమాకు అభిమానులు తెల్లవారుజామునే గేటు దగ్గర ఉంటారు. హారర్ సినిమాకు కుర్రాళ్లు మొదటి రోజు సెకండ్ షోకే గుంపుగా వస్తారు. ‘35 చిన్న కథ కాదు’ లాంటి సినిమాకు అలా రారు. లెక్కల్లో తప్పుతున్న కొడుక్కి చదువు చెప్పడం కోసం, పదో తరగతి తప్పిన తల్లి తానే లెక్కలు నేర్చుకునే కథ అది. దాన్ని చూడాల్సింది తల్లులూ, పిల్లలూ, టీచర్లూ. వాళ్లకు కబురు చేరడానికే నాలుగు రోజులు పడుతుంది. మొదటి ఆదివారం చూసినవాళ్లు సోమవారం ఆఫీసులోనో, బడి గేటు దగ్గరో చెబుతారు. విన్నవాళ్లు పిల్లల పరీక్షలూ, ఇంటి పనులూ చూసుకుని వచ్చే ఆదివారానికి అనుకుంటారు. మన లెక్కల్లో మాత్రం ఆ సినిమా జాతకం సోమవారం మ్యాట్నీతో తేలిపోతుంది. గురువారానికి ఒక్క ఆట మిగులుతుంది, అదీ రాత్రి పదికి. పిల్లల్ని తీసుకుని ఆ వేళకు ఎవరు వెళ్తారు? 2024 సెప్టెంబర్ 6న వచ్చిన ఆ సినిమా నెల తిరక్కుండానే ఓటీటీకి వెళ్లింది.

‘బలగం’ సంగతి మీకు తెలుసు. 2023లో ఊళ్లకు ఊళ్లు తెరలు కట్టుకుని కలిసి కూర్చుని చూశాయి, కలిసి ఏడ్చాయి. చేతిలో ఫోన్ ఉన్నవాళ్లు కూడా పదిమందితో కలిసి చూడాలనే కోరుకున్నారు. థియేటర్ మీద ప్రేమ పోయిన జనం చేసే పనేనా అది?

థియేటర్ యజమానుల కష్టం తెలియక రాయడం లేదు. కరెంటు బిల్లు, జీతాలు ఆగవు. అద్దె పద్ధతిలో ఆ భారం చిన్న నిర్మాత మీద పడుతుంది. కలెక్షన్ అద్దెకు సరిపోకపోతే నెగటివ్ షేర్ భయంతో ఆయనే సినిమా ఎత్తేస్తాడు. 2025లో ఎగ్జిబిటర్లు అడిగిన పర్సంటేజీ పద్ధతిని ముందు చిన్న సినిమాలకైనా అమలు చేయించండి. వచ్చిందాంట్లో వాటా అంటే ఇద్దరూ ఒకే పడవలో ఉంటారు, ఎదురుచూసే ఓపిక ఇద్దరికీ ఉంటుంది.

మీరు తలచుకుంటే జరుగుతుందని 2024 సంక్రాంతికే చూశాం. థియేటర్లు చాలవని మీరు అడిగితే ‘ఈగల్’ ఫిబ్రవరి 9కి జరిగింది. దానికి దారివ్వడానికి ‘ఊరు పేరు భైరవకోన’ ఇంకో వారం వెనక్కి వెళ్లింది. అదే పండక్కి హైదరాబాద్ సింగిల్ స్క్రీన్లలో మొదట అతి తక్కువ చోటు దక్కిన ‘హనుమాన్’కు తర్వాత ఎన్ని తెరలు తెరుచుకున్నాయో మీరే చూశారు. దాని బలం అలాంటిది కాబట్టి నిలబడింది. అంత బలం లేకపోయినా చూడదగ్గ సినిమాలు ఏటా ఎన్నో వస్తున్నాయి.

2022 మార్చిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఐదో ఆటకు అనుమతిస్తూ, ఉదయం 11 నుంచి రాత్రి 9 లోపు ఒక ఆట చిన్న సినిమాకివ్వాలని షరతు పెట్టింది. ఆ ఆలోచనను రెండు రాష్ట్రాల్లోనూ గట్టిగా నిలబెట్టండి. నేనడిగేది ఇంతే: విడుదలైన ప్రతి చిన్న సినిమాకూ, తీసుకున్న థియేటర్లలో కొన్నింటిలోనైనా, రెండు వారాల పాటు ఒకే వేళకు ఒక్క ఆట. వేళ మారకూడదు. ఫస్ట్ షో అని ఒకరు చెబితే, విన్నవాడు వచ్చేసరికి ఫస్ట్ షోకే ఉండాలి.

వచ్చే సంక్రాంతి డేట్ల కోసం నిర్మాతలందరినీ పిలిచి కూర్చున్నప్పుడు ఈ రెండో వారం ఆట సంగతి కూడా అజెండాలో చేర్చి, నిర్ణయం ఏదైనా బయటికి ప్రకటించండి.

ఇట్లు,
ఒక సినిమా ప్రేక్షకుడు