లండన్‌లో గది అద్దెకు ఎన్ని క్వింటాళ్ల వడ్లు?

అప్పు తీర్చడానికో, పెళ్లికో, ఆసుపత్రికో ఎకరం అమ్మడం మనకు కొత్త కాదు. ఇప్పుడు పిల్లల విదేశీ చదువు కోసం కూడా అమ్ముతున్నాం. సేద్యంలో మనం పడ్డ పాట్లు పిల్లలు పడకూడదని ఈ పని చేస్తున్నాం. అందులో తప్పు పట్టాల్సింది ఏమీ లేదు. అయితే ఏజెంటు దగ్గర కూర్చున్నప్పుడు మనం ఫీజు ఎంత, వీసా ఎప్పుడొస్తుంది అని అడుగుతున్నాం. అక్కడ ఒక్క మనిషి బతకడానికి నెలకెంత అవుతుందని మాత్రం అడగడం లేదు. మన కుటుంబాలను ముంచుతున్నది చాలాసార్లు ఆ అడగని లెక్కే.

ఆ లెక్క ఎక్కడో దాచిపెట్టింది కాదు. లండన్‌లో చదివే విద్యార్థి ఖర్చుకు నెలకు ఇంత ఉండాలని బ్రిటన్ ప్రభుత్వమే నిర్ణయించింది. 2024 చివరి వరకు అది 1,334 పౌండ్లు. 2025 జనవరిలో 1,483 చేశారు. అదే ఏడాది నవంబరులో 1,529కి పెంచారు. తొమ్మిది నెలలకు 13,761 పౌండ్లు చూపించాలి. పౌండుకు 115 రూపాయలు వేసుకున్నా 15 లక్షల 82 వేలు. ఇది ఫీజు కాదు, తిండికీ అద్దెకూ బస్సుకూ మాత్రమే. ఇది కాక ఆరోగ్య సర్‌చార్జి ఏడాదికి 776 పౌండ్లు. ఏడాది కోర్సుకు ఇచ్చే పదహారు నెలల వీసాకు 1,164 పౌండ్లు, అంటే లక్షా 33 వేలు, ముందే కట్టాలి.

దీన్ని మన కొలతలో చూద్దాం. 2025లో లండన్‌లో ఇంటి అద్దె సగటున నెలకు 2,200 పౌండ్లు దాటింది. అందుకే ఒంటరి విద్యార్థి ఇంటి మాట మరిచి, నలుగురు ఉండే ఇంట్లో ఒక గది చూసుకుంటాడు. శివార్లలో కూడా అది 800 పౌండ్లకు తక్కువ దొరకడం కష్టం. 800 పౌండ్లంటే 92 వేల రూపాయలు. 2025-26లో సాధారణ రకం వడ్లకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. అంటే ఒక నెల గది అద్దెకు 39 క్వింటాళ్ల వడ్లు కావాలి. ఎకరానికి 25 క్వింటాళ్లు పండిందనుకున్నా, ఎకరంన్నర పంట మొత్తం పోతుంది. అది కూడా విత్తనం, ఎరువు, కూలి, కోత మిషన్ ఖర్చులేవీ తీయకుండా! ఆ మద్దతు ధరైనా అందరికీ అందుతోందా?

‘పార్ట్‌టైం చేసుకుంటాడులే’ అని ఏజెంట్లు చెబుతారు. అదీ చూద్దాం. చదువు సాగే రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పనిచేయడానికి వీసా ఒప్పుకోదు. 2025 ఏప్రిల్‌లో 21 ఏళ్లు నిండినవారికి అక్కడి కనీస వేతనాన్ని గంటకు 12.21 పౌండ్లు చేశారు. ఆ లెక్కన ఒక్క వారం కూడా తప్పకుండా పని దొరికినా నెలకు 1,058 పౌండ్లు. ఆ ప్రభుత్వమే అవసరమని చెప్పిన 1,529కి ఇంకా 471 తక్కువ. మన డబ్బుల్లో నెలకు 54 వేల లోటు. ఈ లోటులో అప్పు వడ్డీ లేదు, ఫీజు వాయిదా లేదు. పని దొరకని నెలల మాట చెప్పనే అక్కర్లేదు.

మరి ఈ లోటు ముందే ఎందుకు కనబడటం లేదు? ఖాతాలో ఆ డబ్బు 28 రోజులు నిలవ ఉంటే చాలని నిబంధన. కొందరు ఏజెంట్లు వడ్డీకి డబ్బు తెచ్చి ఆ 28 రోజులు ఖాతాలో వేయించి, పని కాగానే వెనక్కి తీసుకుంటున్నారు. కాగితం మీద పిల్లవాడికి 15 లక్షలుంటాయి. విమానం దిగేసరికి జేబులో రెండు నెలల ఖర్చు కూడా ఉండదు. ఈ ‘చూపుడు డబ్బు’ మనల్ని కూడా మోసం చేస్తోంది. ఇంటికి అంత అవసరమే లేదేమో అనిపిస్తుంది. జర్మనీ పద్ధతి వేరు. అక్కడ ఏడాదికి 11,904 యూరోలు ప్రత్యేక ఖాతాలో వేయాలి, నెలకు 992 చొప్పునే బయటికి వస్తాయి. కష్టమే, కానీ ఆ డబ్బు నిజంగా పిల్లల చేతికే అందుతుంది. కెనడా ఈ మొత్తాన్ని 2024లో 10,000 డాలర్ల నుంచి ఒక్కసారిగా 20,635కు పెంచింది. బతుకు ఖర్చు ఎంత పెరిగిందో ఆ దేశాలే ఒప్పుకుంటున్నాయి.

లోటు పూడ్చుకోవడానికి పిల్లలు ఏం చేస్తున్నారు? గదికి ముగ్గురు చొప్పున సర్దుకుంటున్నారు. ఒక పూట తిని ఊరుకుంటున్నారు. గంటల పరిమితి దాటి, కనీస వేతనం కంటే తక్కువకు, చేతికి నగదు తీసుకుని పనిచేస్తున్నారు. యజమాని ఎగ్గొట్టినా ఫిర్యాదు చేయలేరు, వీసా పోతుందని భయం. ఫోనులో మాత్రం ‘బాగానే ఉన్నా నాన్నా’ అంటారు. మనం పంట పోయిన సంగతి వాళ్లకు చెప్పం, వాళ్లు పస్తున్న సంగతి మనకు చెప్పరు.

ఇక అప్పు సంగతి. ఏడున్నర లక్షలు దాటిన విద్యారుణానికి బ్యాంకులు తాకట్టు అడుగుతాయి. సాగు భూమిని తాకట్టుగా తీసుకోవడానికి అవి ఇష్టపడవు, ఎందుకంటే 2002 నాటి సర్ఫేసీ చట్టం 31వ సెక్షన్ ప్రకారం సాగు భూమిని ఆ చట్టం కింద స్వాధీనం చేసుకోలేవు. ఆ రక్షణ రైతుకు ఉండాల్సిందే. కానీ పట్నంలో ఇల్లో, ప్లాటో ఉన్నవారికి బ్యాంకు తలుపు తెరుచుకుంటుంది, భూమి మాత్రమే ఉన్న రైతు వడ్డీ వ్యాపారి గుమ్మం ఎక్కుతాడు. నూటికి రెండు రూపాయల వడ్డీకి 20 లక్షలు తెస్తే ఏడాదికి వడ్డీయే 4 లక్షల 80 వేలు. పైగా నోటుకు బదులు సేల్ డీడే రాయించుకుంటున్నారు. చట్టం బ్యాంకు నుంచి కాపాడిన భూమి ఇలా చేతులు మారుతోంది.

‘రైతు బిడ్డలు పెద్ద చదువులకు పోకూడదా?’ అని కొందరు అడుగుతున్నారు. పోవాలి. ఉన్నవారి పిల్లలకే ఆ చదువులని మేము ఎప్పటికీ ఒప్పుకోం. మేము అనేది ఒక్కటే: లెక్క తెలిసి పోవాలి, భూమి పోకుండా పోవాలి.

అందుకే ప్రభుత్వాలను మేము కోరుతున్నాం. ఏజెంట్లందరికీ లైసెన్సు తప్పనిసరి చేయాలి. ఫీజుతో పాటు నెలవారీ బతుకు ఖర్చు తెలుగులో రాసి సంతకం చేసి ఇవ్వాలి. చూపుడు డబ్బు వ్యాపారంపై కేసులు పెట్టాలి. తాకట్టు లేని విద్యారుణాలకు కేంద్ర గ్యారంటీ ఏడున్నర లక్షల దగ్గరే ఆగకుండా పెంచాలి. తెలంగాణలో అంబేద్కర్, జ్యోతిబా ఫూలే విదేశీ విద్యానిధుల కింద ఇచ్చే 20 లక్షల వరకు సాయం పిల్లలు బయలుదేరే ముందే అందాలి. అన్నిటికీ మించి స్వామినాథన్ కమిషన్ చెప్పినట్టు ఖర్చుకు యాభై శాతం కలిపి ధర ఇస్తే, ఊళ్లోనే నిలబడే పిల్లలు కొందరైనా ఉంటారు.

ఇంటి దగ్గర మనం చేయాల్సిందీ ఉంది. బయానా తీసుకునే ముందు ఒక కాగితం మీద అద్దె, తిండి, బస్సు, ఫోను, వడ్డీ నెలవారీగా రాయండి. ఇప్పటికే అక్కడున్న మన ఊరి పిల్లలతో, తల్లిదండ్రులు పక్కన లేనప్పుడు, నిజం చెప్పించండి. మొదటి ఆరు నెలల ఖర్చు అప్పు కాని సొమ్ముగా చేతిలో లేకపోతే ఒక ఏడాది ఆగండి. ఆ కాగితం పట్టుకుని గ్రామ కమిటీ సమావేశానికి రండి, నలుగురం కలిసి లెక్క చూద్దాం.