జీరో టికెట్టుతో ఖేడ్‌లో దిగాక

2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో పైసా ఇయ్యకుండా తిరుగుతున్నారు. 2025 జూలై నాటికి ఆ జీరో టికెట్ల లెక్క 200 కోట్లకు చేరిందని 97 డిపోల్లో, 341 బస్టాండ్లలో సంబరాలు చేశారు. మన హాస్టల్ వాట్సాప్ గ్రూపుల్లో మాత్రం ఈ పథకం మీద ఇప్పటికీ ఒకటే రకం చర్చ. సీటు కోసం ఇద్దరు ఆడవాళ్లు కొట్లాడుకునే రీల్ ఎవడో పెడతాడు, కింద వరసగా నవ్వుల ఎమోజీలు. "పైసలు కట్టి మేం నిలబడాలె, వాళ్లు ఫ్రీగా కూసుంటరు" అని ఒకడు. "మా అమ్మ కూడా ఆ బస్సులనే పోతది రా" అని ఇంకొకడు. అంతే, గ్రూపు సప్పుడు చెయ్యదు.

సీటు గొడవ నాకొద్దు. నేనడిగేది బస్సు దిగిన తర్వాత సంగతి. ఆమెను ఊరి నుంచి పట్నం దాకా ఉచితంగా తీసుకొచ్చాం, బాగుంది. దిగినాక ఆమె ఎక్కడ కూర్చోవాలి?

మా నారాయణఖేడ్ తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. సంగారెడ్డి జిల్లాలో ఒక మూలకు, ఇటు కర్ణాటక, అటు మహారాష్ట్ర దగ్గర్లో ఉండే పట్టణం. మున్సిపాలిటీ ఉంది, రెవెన్యూ డివిజన్ ఆఫీసు ఉంది, సొంతంగా ఆర్టీసీ డిపో ఉంది. రైలు లేదు. హైదరాబాద్ వంద కిలోమీటర్ల పైనే. చుట్టుపక్కల ఊళ్ల వాళ్లకు, తండాల వాళ్లకు బ్యాంకు పనైనా, దవాఖానా అయినా, తహసీల్దార్ సంతకమైనా, విత్తనాల బస్తా అయినా 'ఖేడ్ పోవాలె'. తెలుగు, కన్నడ, మరాఠీ, ఉర్దూ, లంబాడీ అన్నీ ఒకే టీ కొట్టు ముందర వినపడే ఊరు.

ఇలాంటి ఊళ్లో 'డౌన్‌టౌన్' అంటే ఏంది? మాల్ కాదు, మెట్రో స్టేషన్ కాదు. బస్టాండు, దాని గేటు ముందర రోడ్డు, ఆ రోడ్డు మీద నడిచిపోతే తగిలే బజారు. అంతే మా డౌన్‌టౌన్. అయితే ఈ డౌన్‌టౌన్‌లో మగవాళ్లకు పని లేకున్నా కూసునే జాగ ఎప్పుడూ ఉంటది. ఒక్క చాయ్ పైసలతో హోటల్ బల్ల మీద గంట గడపొచ్చు. పాన్ డబ్బా ముందర నిలబడొచ్చు, క్షౌరశాలలో పేపర్ చదవొచ్చు, ఏమీ లేకుంటే చౌరస్తాలో గద్దె మీద కాళ్లూపుకుంట కూసోవచ్చు. ఎవరూ ఏమీ అనరు. అదే ఒక ఆడమనిషి ఆ పని చేసినట్టు ఊహించండి. చీర కొనకుండా బట్టల దుకాణంలో ఎంతసేపు కూర్చుంటది? ఆమెకు పట్నంలో నడవడానికే అనుమతి, ఆగడానికి లేదు. పని అయ్యేదాకా తిరగాలె, బస్సు వచ్చేదాకా నిలబడాలె.

ఇంకొకటి ఉంది, సాహిత్య పత్రికలో రాయొచ్చా అని ఆలోచించి రాస్తున్నా. పొద్దున ఊరి నుంచి పట్నం బయల్దేరేటప్పుడే నీళ్లు తాగడం మానేసే ఆడవాళ్లు మీ ఇంట్లోనే ఉంటారు, అడిగి చూడండి. మే నెల ఎండలో కూడా. ఎందుకంటే సాయంత్రం ఇల్లు చేరేదాకా పోవడానికి జాగ దొరుకుతదని నమ్మకం లేదు. మూత్రశాల ఉందా లేదా అన్న ఒక్క ప్రశ్నే ఆమె రోజంతా ఎట్లా గడుస్తదో నిర్ణయిస్తది. ఉన్నా తలుపుకు గడియ ఉందా, లోపల నీళ్లు వస్తున్నాయా, తాళం చెవి ఎవరి దగ్గర ఉంది, రెండు రూపాయలా అయిదు రూపాయలా. ఇవన్నీ చిన్న విషయాలని అనిపిస్తే మీరు మగవాళ్లయి ఉంటారు.

దీన్ని మన దేశపు గోలగా కూడా కొట్టిపారెయ్యలేం. ఆస్ట్రియాలో వియన్నా నగరం 1990ల చివర్లో ఎవరు ఎట్లా తిరుగుతున్నారని అడిగి చూసింది. మగవాళ్ల ప్రయాణం చాలావరకు ఇంటి నుంచి పనికి, పని నుంచి ఇంటికి. ఆడవాళ్లది అట్లా లేదు. పిల్లను బడిలో దింపి, ముసలామెను డాక్టర్ దగ్గరికి తీసుకపోయి, సరుకులు కొని, నడిచీ బస్సెక్కీ నడిచీ, ఒక్క రోజులో నాలుగైదు ముక్కల ప్రయాణం. అది చూశాక ఆ నగరం ఫుట్‌పాత్‌లు వెడల్పు చేసింది, దీపాలు పెంచింది, కూర్చునే చోట్లు పెట్టింది. ఖేడ్ వచ్చే ఆడవాళ్ల ప్రయాణం కూడా ఇదే కదా. బ్యాంకు, దవాఖానా, కిరాణా, పిల్ల కాలేజీ ఫీజు, మళ్లీ బస్టాండు. జీరో టికెట్ ఆమె రాకపోకలను మాత్రమే లెక్కపెడుతుంది. మధ్యలో ఉన్న నాలుగు గంటలు ఏ లెక్కలోనూ లేవు.

మన పట్టణాల్లో 'సుందరీకరణ' అని పేరు పెట్టి చేసేది ఏందో అందరికీ తెలుసు. రోడ్డు వెడల్పు, మధ్యలో డివైడర్, డివైడర్ మీద సెంట్రల్ లైటింగ్, చౌరస్తాలో ఒక విగ్రహం, ఈ మధ్య ఊరి పేరు ముందు ఎర్ర గుండె బొమ్మ పెట్టి సెల్ఫీ బోర్డు. (ఆ బోర్డు ముందు నేనూ ఫోటో దిగాను, వేరే ఊర్లో. అబద్ధమెందుకు.) దీపాలు వద్దని కాదు. ఇవన్నీ బండి మీద పోయేవాడి కంటికి కనపడే పనులు, నడిచేవాడి కాలికి తగిలేవి కావు. రోడ్డు వెడల్పయితే ముందు పోయేది ఏంది? చెట్టు. తర్వాత అరుగు. ఆ తర్వాత తోపుడు బండి. నీడ, కూసునే జాగ, చవకగా తినేది. ఆడవాళ్లకు ఆ రోడ్డు మీద ఉన్న మూడు ఆసరాలూ అవే. డివైడర్ వచ్చాక రోడ్డు దాటాలంటే సందు ఎక్కడుందో అక్కడిదాకా ఎండలో నడవాలె.

సివిల్ బ్రాంచి వాళ్లకు ఒక ప్రశ్న. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్ల 103వ నంబరు కోడ్ మనం ఎప్పుడైనా తెరిచామా? పాదచారుల సౌకర్యాల మీద ఉన్న పుస్తకం అది. ఫుట్‌పాత్ మీద అడ్డం లేకుండా కనీసం 1.8 మీటర్లు ఉండాలని, అంచు ఎత్తు 150 మిల్లీమీటర్లు మించొద్దని అందులో రాసి ఉంది. పరీక్షకు రాదు కాబట్టి మనం చదవం, మనం చదవం కాబట్టి రేపు మునిసిపల్ ఇంజనీరైనప్పుడు వెయ్యం. 2025 మే నెలలో సుప్రీంకోర్టు అడ్డంకుల్లేని ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు రాజ్యాంగంలోని 21వ అధికరణం కిందికి వస్తుందని చెప్పింది. జీవించే హక్కు అన్నమాట. అంత పెద్ద మాట కోర్టు చెప్పాక కూడా ఫుట్‌పాత్ అంటే డ్రైనేజీ మీద మూత అనే అర్థమే మన ఊళ్లలో నడుస్తోంది.

ఇక్కడ మీలో కొందరు "మరి బండ్లన్నీ తీసేస్తే ఫుట్‌పాత్ ఖాళీ అయితది గదా" అంటారు. వద్దు. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ముందు సర్వే చెయ్యాలి, అందరికీ గుర్తింపు ఇవ్వాలి, ఆ తర్వాతే కదిలించే మాట. పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు. అంటే కూరగాయల గంప ముందు కూర్చున్న అవ్వకు ఆ రోడ్డు ఎట్లా ఉండాలో చెప్పే హక్కు చట్టంలోనే ఉంది. పైగా ఆ గంపలు ఉన్నంతసేపే ఆ రోడ్డు మీద ఆడపిల్లలు ధైర్యంగా నడుస్తారు. పొద్దుగూకినాక షట్టర్లు మూసిన వెడల్పాటి రోడ్డు కంటే బండ్ల మీద బల్బులు వెలుగుతున్న ఇరుకు రోడ్డే నయం.

ఖేడ్‌కు ఇంకో తిప్పలుంది, అది హైదరాబాద్ వాళ్లకు తట్టదు. 1956లో రాష్ట్రాలను విడగొట్టి కలిపేదాకా నారాయణఖేడ్ తాలూకా బీదర్ జిల్లాలో ఉండేది. ఆ తర్వాతే మెదక్‌లో కలిసింది. మ్యాప్ మారింది గానీ కాళ్లు మారలేదు. చుట్టరికాలు, వైద్యం, బజారు చాలామందికి ఇప్పటికీ బీదరే. మన మహాలక్ష్మి టికెట్ రాష్ట్ర సరిహద్దు దాకే చెల్లుతుంది, అవతల డబ్బులు కట్టాలె. కర్ణాటకలో 2023 జూన్ 11 నుంచి శక్తి పథకం ఉంది, అది వాళ్ల రాష్ట్రం ఆడవాళ్లకే. రెండు రాష్ట్రాల్లోనూ ఆడవాళ్లకు బస్సు ఉచితమే, కానీ ఖేడ్ నుంచి బీదర్ దవాఖానాకు పోయే గర్భిణికి మాత్రం దారి మధ్యలో టికెట్ మొదలవుతుంది. రెండు ఆర్టీసీలు కూర్చొని మాట్లాడుకుంటే తేలే పని ఇది.

ఇక ఆఖరి బస్సు. పట్నంలో ఆడపిల్ల చదువు ఎన్ని గంటలో కాలేజీ టైంటేబుల్ నిర్ణయించదు, ఊరికి పోయే ఆఖరి బస్సు నిర్ణయిస్తది. ల్యాబ్ ఆలస్యమైతే, కోచింగ్ సాయంత్రం పెడితే, లైబ్రరీలో ఇంకో గంట కూర్చోవాలనుకుంటే ముందు చూసేది గడియారం. బస్సు తప్పితే ఇంట్లో మొదటి మాట "రేపటి నుంచి వద్దు" అని. మగపిల్లవాడు ఎవరి బండి వెనకాలో ఎక్కి పోతాడు, వాడికి అది కథ. ఆమెకు చదువు ఆగిపోయే కారణం. ఆర్టీసీలో 'నైట్ హాల్ట్' అని ఒక పాత పద్ధతి ఉంది. సాయంత్రం చివరి బస్సు ఊరికి పోయి, డ్రైవరు కండక్టరు అక్కడే పడుకొని, తెల్లారగట్ల ఆ ఊరి జనంతో పట్నం వస్తుంది. 1932లో నిజాం రైల్వే రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో మొదలైంది, అక్కడి నుంచి ఇక్కడిదాకా వచ్చిన సంస్థ మనది. ఇప్పుడు కొత్త ఎలక్ట్రిక్ బస్సుల ఫోటోలు చూస్తే సంతోషమే. నాకైతే ఇంకో నాలుగు ఊళ్లకు నైట్ హాల్ట్ పడితే అంతకంటే సంతోషం.

"ఉచితం తీసేసి ఆ పైసలతో బెంచీలు, బాత్రూంలు కట్టొచ్చు కదా" అని ఒక సీనియర్ అన్న నాతో వాదించాడు. వినడానికి బాగుంటుంది. కానీ ఉచితం లేనప్పుడు పైసలన్నీ బెంచీలకు పోయాయా? పోలేదు. అప్పుడు అడిగేవాళ్లే బస్టాండులో లేరు. ఇప్పుడున్నారు. ఆటో అన్నల బాధ మాత్రం నిజం. ఈ పథకంతో వాళ్ల గిరాకీ పడిపోయింది, రోడ్డెక్కి మొత్తుకున్నారు. కానీ బస్సు పోని తండాకు పోయేది ఆటోనే. బస్టాండు గేటు పక్కనే నీడ ఉన్న ఆటో అడ్డా, ఏ తండాకు ఎంతో రాసిన బోర్డు పెడితే వాళ్లకూ గిరాకీ, దిగినామెకూ బేరమాడే తిప్పలుండదు.

వచ్చే సెలవుల్లో ఊరికి పోయినప్పుడు ఒక పని చేద్దామని మా నలుగురం అనుకున్నాం. మీరు మీ మీ ఊళ్లలో చెయ్యండి, జోగిపేటైనా, బాన్సువాడైనా. అంగడి రోజు పొద్దున నుంచి సాయంత్రం దాకా బస్టాండులో కూర్చొని లెక్కపెట్టడం. ఎంతమంది ఆడవాళ్లు దిగారు, ఎంతమంది నిలబడి ఉన్నారు, ఎన్ని సీట్లున్నాయి, ఎన్ని మూత్రశాలలు తెరిచి ఉన్నాయి. గేటు నుంచి దవాఖానా దాకా టేపు పట్టుకొని ఫుట్‌పాత్ కొలవడం, నీడ ఎక్కడ తెగిపోతుందో గీయడం. లెక్క పెట్టేవాళ్లలో సగం మంది అమ్మాయిలుండాలి, లేకుంటే మూత్రశాల లోపల సంగతి ఎవరు రాస్తారు?

ఆ కాగితం ఎవరికివ్వాలన్నది తేలడానికి మాకు ఒక సాయంత్రం పట్టింది. బస్టాండు లోపల జాగ ఆర్టీసీది. గేటు దాటితే రోడ్డు ఆర్ అండ్ బీదో, హైవే వాళ్లదో. పక్కన మోరీ, చెత్త, దీపం మున్సిపాలిటీవి. ఆడమనిషి బస్సు దిగి ఇరవై అడుగులు వేసేలోపు మూడు శాఖలు దాటుతుంది. కాబట్టి వినతిపత్రం మూడు కాపీలు తీస్తున్నాం. డిపో మేనేజర్‌కు ఒకటి, మున్సిపల్ కమిషనర్‌కు ఒకటి, రోడ్ల శాఖ డీఈకి ఒకటి. ప్రతి కాపీ కింద మిగతా ఇద్దరికీ ఇచ్చామని రాస్తాం, తీసుకున్నట్టు ముద్ర వేయించుకుంటాం.