పదవ పుల్ అప్ విలువ

భారత సైన్యమున చేరగోరి నియామక ర్యాలీలకు వచ్చు యువకులకు పరుగు ముగిసిన పిమ్మట ఎదురగు పరీక్షలలో ముఖ్యమైనది పుల్ అప్స్. దానినే వారు క్లుప్తముగా 'బీమ్' అందురు. అందులో ఆరు తీసినవానికి 16 మార్కులు, ఏడింటికి 21, ఎనిమిదింటికి 27, తొమ్మిదింటికి 33, పదింటికి 40 లభించును. ఈ పట్టికను కొంచెము నిదానించి చూచినచో ఒక విశేషము గోచరించును. ఆరునుండి ఏడునకు పోయినవానికి అదనముగా దక్కునవి ఐదు మార్కులే కాగా, తొమ్మిదినుండి పదికి పోయినవానికి ఏడు దక్కుచున్నవి. అనగా చేతులు వణకి, ఊపిరి తడబడి, వీపు తన సత్తువనంతటిని వెచ్చించిన పిమ్మట వచ్చు ఆ కట్టకడపటి పుల్ అప్‌నకే అన్నిటికంటె అధికమైన వెల కట్టబడినది. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలో తెల్లవారకమునుపే మైదానములకు చేరి సాధన చేయు కుర్రవాండ్ర దృష్టి ఆ పది అను సంఖ్యమీదనే లగ్నమగుటలో వింత లేదు. వారిని తప్పుపట్టుటకు నాకు మనసొప్పదు. మార్కులమీద బ్రతుకుతెరువు ఆధారపడియున్నప్పుడు సంఖ్యను చూడవద్దని చెప్పుట కడుపునిండినవాని మాట యగును. అయినను, సంఖ్యను వెంటాడువానికి సంఖ్య చిక్కదనియు, శరీరభంగిమను సరిదిద్దుకొనుట బలము సమకూడిన తరువాత చేసికొనదగిన అలంకారమని తలచుటయే మన సాధకులలో పలువురను అయిదారింటివద్ద ఆపివేయుచున్నదనియు నా వాదము.

పుల్ అప్ చేతుల వ్యాయామమని చాలమంది భావింతురు. అది సగము నిజము. ఇందు ప్రధానపాత్ర వహించునది వీపునకు ఇరుప్రక్కల విస్తరించియుండు లాటిసిమస్ డోర్సై అను కండరము. జిమ్ములలో కుర్రవాండ్రు 'వింగ్స్' అని మురిపెముగా పిలుచునది దీనినే. అది కటిభాగమునుండియు వెన్నెముక దిగువనుండియు బయలుదేరి, చంకక్రిందుగా పోయి, దండచేతి యెముకను పట్టుకొనియుండును. కనుక, చేతులు పూర్తిగా చాచి కడ్డీకి వ్రేలాడుచున్న స్థితినుండి, మోచేతులు వంచుటకు పూర్వమే, చెవులదాక ఎగసియున్న భుజములను క్రిందికి దించి, వీపుమీది రెక్కయెముకలను బిగించి, అటుపిమ్మట మోచేతులను ప్రక్కటెముకలవైపు నడుపుచున్నట్లు భావించుచు, కాళ్లు కదలనీక, రొమ్మును కడ్డీవైపు లేవనెత్తుట సరియైన పద్ధతి. ఆ మొదటి కదలిక మిక్కిలి స్వల్పము, చూపరులకు కనబడనే కనబడదు. అది లోపించినచో భారము మోచేతిమీదను భుజసంధిమీదను అధికముగా పడి, కొంతకాలమునకు మోచేయి లోపలిప్రక్క సలుపు మొదలగుట కద్దు. కాళ్లు తన్ని, నడుము విదిలించి, ఊపుతో ఎగిరి, మెడ సాచి గడ్డమును కడ్డీమీదుగా ఒక్కక్షణము చూపించి, సగము దిగియు దిగకయే మరల ఎగురువాడు తనలో తాను పది లెక్కించుకొనవచ్చును. అతని వీపు మాత్రము అందులో నాలుగింటినైన లెక్కించునా యని నాకు సందేహము.

మరి ఒక్కటియైనను తీయజాలనివాడేమి చేయవలెను? సాధారణముగా అతడు దినదినము కడ్డీ పట్టుకొని, ముఖము కందగడ్డ చేసికొని పెనగులాడి, కొన్నాళ్లకు విసిగి మానివేయును. అట్టివానికి ఎక్కుటను ప్రక్కనబెట్టి దిగుట నేర్పవలెను. కండరము ముడుచుకొనుచు ఎత్తగలిగినదానికంటె సాగుచు ఓర్చుకొనగలిగిన భారము ఎక్కువ గనుక, పైకి పోలేనివాడు సైతము ఒక బల్లనెక్కి, గడ్డము కడ్డీకి పైనుండగా పట్టుబిగించి, పాదములను వదలి, ఐదారు సెకండ్ల కాలము తీసికొనుచు చేతులు నిలువుగా సాగువరకు దిగగలడు. పూటకు మూడునాలుగు పర్యాయములు, పర్యాయమునకు మూడునాలుగు దిగుడులు చాలును. దీనికితోడు అర నిమిషము కదలక వ్రేలాడుట, నడుమెత్తు కడ్డీక్రింద వెల్లకిల ఒరిగి మడమలు నేల నానించి శరీరమును నిటారుగా బిగించి రొమ్మును కడ్డీకి లాగుకొనుట అను రెండును చేసినయెడల పునాది ఏర్పడును. అరచేతులు తనవైపు తిరిగియుండునట్లు పట్టుకొను చిన్ అప్ కొంత సులభము. దండకండకు అందులో పాలు హెచ్చు. మొదట అది తీసి, పిదప పుల్ అప్‌నకు పోవుటలో అవమానమేమియు లేదు. జిమ్ములో కూర్చుండి గొలుసు లాగు యంత్రము ఉపకరించును గాని, గాలిలో వ్రేలాడు దేహమును స్థిరముగా నిలుపుకొనుట అది నేర్పజాలదు.

ఆరు తీయగలవాడు ప్రతిదినము ఆరుకొరకు ప్రాణము మీదికి తెచ్చుకొనుటకంటె, విరామములిచ్చుచు మూడేసి చొప్పున పలుమారులు, ప్రతిదానిని నిండుగా, కుదురుగా తీయుట మేలు. వారమునకు మూడు దినములు, నడుమ ఒక దినము విశ్రాంతి. యౌవనమున కండ త్వరగా పెరుగును. కండను ఎముకకు బంధించు స్నాయుబంధకము అంత త్వరపడదు. ర్యాలీ ప్రకటన వెలువడినపుడు మేల్కొని, రెండు నెలలలో పది తీయించెదమని హామీయిచ్చు శిక్షణకేంద్రములు ఈ భేదమును గుర్తించినట్లు కనబడదు. బరువు సంగతియు ఒకటి కలదు. తన దేహమును తానే ఎత్తుకొనవలసిన పరీక్ష యిది; నడుముచుట్టు చేరిన అనవసరపు కొవ్వు ప్రతి పుల్ అప్‌లోను పైకి ప్రయాణము చేయుచుండును.

స్త్రీలకిది అసాధ్యమను మాట తరచుగా వినవచ్చును. అమెరికా మెరైన్ దళమున 2013 చివర శిక్షణలోని మహిళలలో సగముకంటె ఎక్కువమంది మూడు పుల్ అప్స్ తీయలేకపోగా, ఆ కనీసనియమము అమలును వాయిదావేసిరి. ఆ వార్తను అసాధ్యతకు సాక్ష్యముగా చూపువారు కలరు. కాని 2017 నుండి ఆ దళమే స్త్రీపురుషులిరువురకును పుషప్స్ తీసికొను వెసులుబాటునిచ్చుచునే, పూర్తి మార్కులు మాత్రము పుల్ అప్స్ తీసినవారికే దక్కునని నిర్ణయించినది. అసాధ్యమైనదానికి ఎవరును మార్కులు కేటాయింపరు. మగపిల్లలు చెట్టుకొమ్మలకు వ్రేలాడు వయసున ఆడపిల్లలను చెట్లెక్కనీయక, ఇరువదేండ్ల వయసున వారి భుజములలో బలము లేదని తీర్పుచెప్పుట న్యాయము కాదు.

మన తాలింఖానాలలో దండీలు, బస్కీలు ప్రధానము. కోడి రామమూర్తినాయుడువంటి మల్లుని కన్న సీమ మనది. అయితే దండీ త్రోయు వ్యాయామము, బస్కీ కాళ్ల వ్యాయామము. లాగు వ్యాయామమునకు మన ఊళ్లలో నిత్యసాధనము తక్కువ. 1811లో బెర్లిన్ నగర సమీపమున హాసెన్‌హైడెలో ఫ్రీడ్రిక్ లుడ్విగ్ యాన్ తెరచిన వ్యాయామ మైదానమునుండి ప్రపంచమంతట వ్యాపించిన అడ్డకడ్డీ, మన పాఠశాలలకు 'సింగిల్ బార్' అను పేరుతో వచ్చి, చాలచోట్ల తుప్పుపట్టి మాయమైనది. నేటి ఉద్యానవనములలో ఓపెన్ జిమ్ పేర రంగురంగుల యంత్రములు వెలయుచున్నవి; వానిమీద కాళ్లూపుచు ముచ్చటలాడవచ్చును, నేను కాదనను. వాని ప్రక్కనే రెండు స్తంభములు నాటి, నిలువెత్తునకు మించి ఒక కడ్డీ, నడుమెత్తున మరియొకటి బిగించుటకు అగు వ్యయము ఆ యంత్రములలో ఒక్కదాని వెలకైన సరిపోలదు. ఉన్నత పాఠశాల ప్రతిదానికిని ఇట్టి జంటకడ్డీలుండవలెనని నా కోరిక. బిగించువారికి ఒక్క మనవి: చేతికందిన నీటిగొట్టమును అడ్డముగా అతికి చేతులు దులుపుకొనవద్దు. జిమ్నాస్టిక్స్ పోటీలలో వాడు అడ్డకడ్డీ మందము 28 మిల్లీమీటర్లు; పదమూడేండ్ల పిల్ల వ్రేళ్లు చుట్టుకొని, బొటనవ్రేలితో బిగించుకొనగలిగినంత సన్నము.