కత్తిరింపు యంత్రమును అమ్మ చీరయు

కంప్యూటరులో గీసిన రూపమును బట్టి గుడ్డను కత్తిరించు యంత్రమొకటి మా యింటికి వచ్చినది. మా అమ్మగారి పాత మంగళగిరి నూలుచీరతో అమ్మాయికి అతుకుపని బొంత కుట్టదలచి, ఆ గుడ్డను ఉన్నదున్నట్లే యంత్రమున నుంచితిని. కత్తిమొన పోగులను లాగి మామిడిపిందె రూపమును చించివైచినది. గుంటమగ్గముపై నేసిన ఆ నిజాం అంచు చీర మరల వచ్చునా?

పిమ్మట అడిగి తెలిసికొంటిని. గుడ్డను ముందుగా ఉతికి ఆరవేసి, వెనుకవైపున జిగురుపొరను ఇస్త్రీతో అతికించి, యంత్రపు జిగటపలకపై ముడుతలు లేకుండ నొత్తవలయును. మొదట పనికిరాని పేలికపై పరీక్షింపుడు. కోసిన ముక్కలను బొంతపై అతికించి అంచుల వెంబడి కాజాకుట్టు వేసినచో పోగులు రాలవు.

చినిగిన పిందెను కత్తెరతో సరిచేసి నడుమ కుట్టితిని. అమ్మగారు మొదట దానినే తడిమి చూచిరి.